అందాజా, హిసాబు: ఓపెనర్‌కు రెండు పరీక్షలు

క్రికెట్ మ్యాచ్ ముగిసిన మరునాడు మా కళాశాల వరండాలో సాగే చర్చలలో రెండు తీర్పులు తరచుగా వినవస్తాయి. లక్ష్యాన్ని ఛేదించి జట్టును గెలిపించినవాడే అసలైన ఓపెనర్ అనీ, ముందుగా బ్యాటింగ్ చేసి పరుగులు కూడబెట్టడం అంత పెద్ద విషయం కాదనీ మొదటి తీర్పు. ఛేదనలో జట్టు ఓడిపోతే, అందరికంటె ఎక్కువ పరుగులు చేసి కూడ చివరిదాక నిలువలేకపోయిన ఓపెనర్‌దే దోషమని రెండవ తీర్పు. ఈ రెండింటిలో ఏదీ న్యాయం కాదని మా నమ్మకం. ఆ నమ్మకానికి గల కారణాలను విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి. అంకాపూర్ బజారులోనూ అంతే. ఆ రెండు భాషలవారికీ తెలిసిన రెండు మాటలు ఈ విషయాన్ని చక్కగా విడమరచి చూపుతాయి. ఒకటి అందాజా, రెండవది హిసాబు. ముందుగా బ్యాటింగ్ చేసే ఓపెనర్‌ది అందాజా. ఎన్ని పరుగులు చేస్తే చాలునో అతనికి చెప్పగలవారు ఎవరూ లేరు. పిచ్ ఎటువంటిదో, కొత్త బంతి ఎంత తిరుగుతుందో తానే మొదట పరీక్షించి, ఇక్కడ ఇంత చేస్తే గెలుస్తామని ఒక అంచనా కట్టుకొని, పది ఓవర్లకొకసారి ఆ అంచనాను సరిదిద్దుకొంటూ ఆడాలి. వెంటాడే ఓపెనర్‌ది హిసాబు. చేయవలసిన పరుగులు ఎన్నో, మిగిలిన బంతులు ఎన్నో స్కోరు బోర్డు మీదనే ఉంటాయి. ఎదుటి జట్టు ఆడినంతసేపు మైదానంలో నిలబడి పిచ్ తీరును కూడ చూచి ఉంటాడు. అంచనా కట్టే శ్రమ అతనికి తగ్గింది. అయితే ఆ అంకెనుండి తప్పించుకొనే దారి కూడ మూసుకొనిపోయింది.

మన ఊరి రైతుకు ఈ భేదాన్ని వివరించనక్కర లేదు. వానలు మొదలైనప్పుడు పసుపు కొమ్ము నాటే రైతుకు, ఎనిమిది తొమ్మిది నెలల తరువాత పంట తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలినప్పుడు క్వింటాలు ఏ ధర పలుకుతుందో తెలియదు. నేలను, నీటిని, చేతిలోని పెట్టుబడిని చూచుకొని అందాజాగా ఎన్ని ఎకరాలో నిర్ణయించుకొంటాడు. అదే రైతు అప్పు తీర్చేనాడు అందాజా పనికిరాదు. అసలు ఎంత, వడ్డీ ఎంత, గడువు ఏనాడు అనేవన్నీ కాగితం మీద ఉంటాయి. నూటికి తొంభైతొమ్మిది వంతులు చెల్లించినా ప్రాంసరీ నోటు చింపి చేతికి ఇవ్వరు. పంట పెట్టడం తేలిక, అప్పు తీర్చడమే కష్టమని ఏ రైతూ అనడు. రెండూ కష్టమే, కష్టాలు వేరు.

ఈ మాటకు సాక్ష్యం కోసం దూరదేశాలకు పోనక్కర లేదు. మన హైదరాబాదులోనే, ఒకే ఓపెనర్ ఆడిన రెండు ఇన్నింగ్సులు ఉన్నాయి. 1999 నవంబరు 8న లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండుపై భారత జట్టు ముందుగా బ్యాటింగ్ చేసింది. ఓపెనర్‌గా వచ్చిన సచిన్ టెండూల్కర్ 150 బంతులలో 186 పరుగులు చేసి నాటౌట్‌గా మిగిలాడు. 10 పరుగులకే మొదటి వికెట్ పడిన తరువాత ద్రావిడ్‌తో కలిసి రెండవ వికెట్‌కు 331 పరుగులు జోడించాడు. ద్రావిడ్ 153 చేశాడు. జట్టు స్కోరు 2 వికెట్లకు 376. న్యూజిలాండు 202కే ఆలౌటై 174 పరుగుల తేడాతో ఓడిపోయింది.

పదేళ్ల తరువాత, 2009 నవంబరు 5న, ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ స్టేడియంలో ఆస్ట్రేలియా ముందుగా ఆడి 4 వికెట్లకు 350 పరుగులు చేసింది. భారత జట్టు లక్ష్యం 351. టెండూల్కర్ మరల ఓపెనర్‌గానే వచ్చాడు. 162 పరుగులకు 4 వికెట్లు పోయినప్పుడు సురేశ్ రైనా తోడు వచ్చాడు. ఇద్దరు కలిసి 137 పరుగులు జోడించారు. చివరకు 141 బంతులలో 175 పరుగులు చేసి, గెలుపుకు 19 పరుగుల దూరంలో టెండూల్కర్ అవుటయ్యాడు. మిగిలినవారు 15 పరుగులు మాత్రమే చేయగలిగారు. రెండు బంతులు మిగిలి ఉండగా 347 వద్ద జట్టు ఆలౌటైంది. తేడా 3 పరుగులు.

ఇప్పుడు కాగితం, కలం తీసుకొని లెక్క వేయుదము. 150 బంతులకు 186 అనగా నూరు బంతులకు 124. 141 బంతులకు 175 అన్నా నూరు బంతులకు 124 పరుగులే. మొదటి మ్యాచ్‌లో జట్టు మొత్తంలో అతని వాటా సగానికి ఒక పిసరు తక్కువ. రెండవదానిలో సగానికి ఒక పిసరు ఎక్కువ. నగరం ఒకటే, ఆటగాడు ఒకడే, వేగం ఒకటే, వాటా ఒకటే. ఒకటి ఘనవిజయమైంది, రెండవది పరాజయమైంది. మరి భేదం ఎక్కడ ఉన్నది?

భేదం మొదట ఎదుటి అంకెలో ఉన్నది. 1999లో మన బౌలర్లు 202 ఇచ్చారు, 2009లో 350 ఇచ్చారు. వెంటాడే ఓపెనర్ తాను చేయని అప్పును తీర్చడానికి బయలుదేరుతాడు. భేదం రెండవది తోడులో ఉన్నది. 1999లో అవతలి వైపున 153 పరుగుల తోడు ఉండినది. 2009లో టెండూల్కర్ తరువాత అందరికంటె ఎక్కువ చేసినవాడు రైనా, ఆయనవి 59. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, ముగింపులో ఉన్నది. 1999లో టెండూల్కర్ నలభై ఎనిమిదవ ఓవరులో అవుటై ఉంటే ఎవరూ దానిని తప్పు పట్టి ఉండరు. అప్పటికే కూడిన పరుగులు జట్టు ఖాతాలో భద్రంగా ఉంటాయి. 2009లో సరిగ్గా నలభై ఎనిమిదవ ఓవరులోనే అవుటయ్యాడు. ఆ ఒక్క షాట్‌ను ప్రజలు నేటికీ మరువలేదు, అంతకు ముందరి 140 బంతులను మరచిపోయారు. ముందుగా ఆడేవాని ప్రతి పరుగూ చేసిన క్షణంలోనే ఆస్తి అవుతుంది. వెంటాడేవాని పరుగులు చివరి పరుగు వచ్చేదాక హామీ మాత్రమే.

ఇంతటితో ఛేదనయే గొప్ప అని ఒప్పుకొన్నట్లు కాదా అని మిత్రులు అడుగవచ్చు. కాదు. ఛేదనలు అన్నీ ఒక తీరుగా ఉండవు. టెండూల్కర్ వన్డేలలో మొట్టమొదట ఓపెనర్‌గా దిగినది ఛేదనలోనే. 1994 మార్చి 27న ఆక్లండులో, మన హైదరాబాదీ మహమ్మద్ అజహరుద్దీన్ నాయకత్వంలో, సిద్ధూ ఆడలేని స్థితిలో ఉన్నందున ఆ అవకాశం లభించింది. లక్ష్యం 143 మాత్రమే. టెండూల్కర్ 49 బంతులలో 82 పరుగులు చేశాడు. చిన్న లక్ష్యం ఓపెనర్‌కు స్వేచ్ఛనిస్తుంది. తాను అవుటైనా వెనుకనున్నవారు ముగించగలరనే ధీమా ఉంటుంది.

పెద్ద లక్ష్యం ఇందుకు విరుద్ధంగా మనిషిని కట్టివేయగలదు. 1975 జూన్ 7న, మొదటి ప్రపంచ కప్పులో, లార్డ్స్ మైదానంలో ఇంగ్లండు 60 ఓవర్లలో 334 పరుగులు చేసింది. మన ఓపెనర్ సునీల్ గవాస్కర్ ఇన్నింగ్సు అంతా నిలిచి 174 బంతులలో 36 పరుగులు చేశాడు. జట్టు 3 వికెట్లకు 132 వద్ద ఆగిపోయింది. అదే గవాస్కర్ 1979 సెప్టెంబరులో ఓవల్ టెస్టు నాలుగవ ఇన్నింగ్సులో, 438 పరుగుల లక్ష్యం ముందుండగా, 221 పరుగులు చేశాడు. చౌహాన్‌తో కలిసి మొదటి వికెట్‌కు 213 జోడించాడు. భారత జట్టు 8 వికెట్లకు 429 వద్ద, గెలుపుకు 9 పరుగుల దూరంలో, మ్యాచ్‌ను డ్రాగా ముగించింది. టెస్టులో గెలుపుకు, ఓటమికి నడుమ డ్రా అనే మూడవ దారి ఉన్నది. ఆ దారి ఉన్నందువలననే ఓపెనర్ ముందు వికెట్‌ను కాపాడుకొని, తరువాత గెలుపును గురించి యోచించగలడు. వన్డేలో ఆ దారి లేదు. వికెట్ నిలుపుకొని పరుగు చేయకపోవడం అక్కడ నిలకడ కాదు. కావున ఒకే మనిషి ఒకే విధమైన ఛేదనలో కూడ రెండు విధాలుగా కనిపించగలడు.

ఇటీవలి ఉదాహరణ ఒకటి మన హైదరాబాదు ఐపీఎల్ జట్టునుండి చూపుతాము. 2016 మే 27న ఢిల్లీలో గుజరాత్ లయన్స్ జట్టుపై సన్‌రైజర్స్ 163 పరుగుల లక్ష్యాన్ని వెంటాడింది. ఒకవైపు వికెట్లు పడుతుండగా ఓపెనర్ డేవిడ్ వార్నర్ చివరిదాక నిలిచి 58 బంతులలో 93 పరుగులతో నాటౌట్‌గా మిగిలాడు. నాలుగు బంతులు ఉండగా జట్టు గెలిచింది. రెండు రోజుల తరువాత, మే 29న బెంగళూరులో జరిగిన ఫైనల్లో సన్‌రైజర్స్ ముందుగా ఆడింది. అదే వార్నర్ 38 బంతులలో 69 చేసి, ఇంకా ఓవర్లు ఉండగానే వెనుదిరిగాడు. చివరలో కటింగ్ 15 బంతులలో 39 కొట్టగా జట్టు 208కి చేరింది. ఛేదనలో వార్నర్ వేగం తగ్గించుకొని తన వికెట్‌ను దాచుకొన్నాడు. ముందుగా ఆడినప్పుడు వేగం పెంచి వికెట్‌ను పణంగా పెట్టాడు. రెండు రోజుల తేడాతో ఒకే ఆటగాడు రెండు పనులను రెండు విధాలుగా చేయడం ఇది. ఆ ఫైనల్లో బెంగళూరు ఓపెనర్లు గేల్, కోహ్లీ మొదటి వికెట్‌కు 114 పరుగులు జోడించారు. గేల్ 38 బంతులలో 76 చేశాడు. అయినా ఆ జట్టు 8 పరుగులతో ఓడిపోయింది. గేల్ చేసిన 76, వార్నర్ చేసిన 69 కంటె తక్కువ విలువ గలవని ఎవరైనా అనగలరా?

ఈ రోజులలో మరొక వాదం బయలుదేరింది. ముందు ఆడినా, వెనుక ఆడినా ఓపెనర్ ఒకే తీరుగా మొదటి బంతినుండి విరుచుకొనిపడవలసిందే, ఈ లెక్కలన్నీ పాతకాలపువి అని. ఈ వాదానికి బలం లేకపోలేదు. 2024 మే 8న ఉప్పల్‌లో లక్నో జట్టు నిలిపిన 166 పరుగుల లక్ష్యాన్ని ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ ఇద్దరే 9.4 ఓవర్లలో ఒక్క వికెట్ కూడ పోకుండ ముగించారు. 2025 ఏప్రిల్ 12న అదే మైదానంలో పంజాబుపై 246 పరుగుల లక్ష్యం ముందుండగా అభిషేక్ శర్మ 55 బంతులలో 141 పరుగులు చేశాడు. అయితే ఈ రెండూ ఛేదనలని గమనించాలి. ఎంత కావాలో తెలిసినప్పుడు తెగించడం ఒక లెక్క. అదే జోడీ 2024 మే 26న చెన్నైలో జరిగిన ఫైనల్లో ముందుగా బ్యాటింగ్‌కు దిగింది. అభిషేక్ 2 పరుగులకు, హెడ్ తన మొదటి బంతికే అవుటయ్యారు. జట్టు 113కు ఆలౌటైంది. కోల్‌కతా ఆ లక్ష్యాన్ని 10.3 ఓవర్లలో దాటింది. మంచి బంతికి ఎవరైనా అవుటు కావచ్చు. ఒక్క మ్యాచ్‌తో సిద్ధాంతాలు కూలవు. కాని ముందుగా ఆడేటప్పుడు పిచ్‌ను అడగకుండ అంకెను తామే నిర్ణయించుకొని బయలుదేరడంలో గల అపాయం ఆనాడు స్పష్టంగా కనిపించిందని మా అభిప్రాయం. అందాజా కట్టడం కూడ ఒక విద్య. అది ఛేదనకంటె తేలిక అన్నవారు ఆ స్కోరు కార్డును ఒకసారి చూడాలి.

మా సోదరీమణులకు కూడ ఈ చర్చలో వాటా ఉన్నది. సికింద్రాబాదులో ఆట నేర్చుకొన్న మిథాలీ రాజ్ 1999 జూన్‌లో, తన మొదటి వన్డేలోనే, ఐర్లండుపై ఓపెనర్‌గా దిగి 114 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. రెండవ ఓపెనర్ రేష్మా గాంధీ కూడ శతకం చేయగా, జట్టు వికెట్ కోల్పోకుండ 258 పరుగులు చేసింది. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన మహిళలు ప్రపంచ కప్పు గెలిచిన ఫైనల్లో ముందుగా ఆడిన మన ఓపెనర్ షెఫాలీ వర్మ 87 చేసింది. వెంటాడిన దక్షిణాఫ్రికా ఓపెనర్ లారా వోల్వార్ట్ 101 చేసింది. మన జట్టు 52 పరుగులతో గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉన్నందుకు మనమందరము గర్వించినాము. ఆ సంతోషంలో వోల్వార్ట్ శతకాన్ని మరచిపోవడం సహజమే. అయినా ఆటను ప్రేమించేవారు మరువరాదు.

ఇక మన మైదానానికి వద్దాము. ఒక ఏడాది మా జట్టు 140 పరుగుల లక్ష్యాన్ని వెంటాడుతూ ఓడిపోయింది. మా ఓపెనర్ 62 పరుగులు చేసి, ఇంకా పాతిక పరుగులు కావలసి ఉండగా అవుటయ్యాడు. తరువాత వచ్చిన ఐదుగురు కలిసి పది పరుగులు కూడ చేయలేదు. అయినా తిరుగు ప్రయాణంలో బస్సులో అందరి మాటలూ ఆ ఒక్కని మీదనే. ఆ మాటలు అన్నవారిలో మేమూ ఉన్నాము. మరుసటి వారం అతడు సాధనకు రాలేదు, ఆ తరువాత కూడ రాలేదు. అంతకు ముందు మ్యాచ్‌లో అతడే ముందుగా ఆడి 40 పరుగులు చేసినప్పుడు భుజాల మీద ఎత్తుకొన్నాము. 62 చేసిననాడు పోగొట్టుకొన్నాము. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం అదే.

కావున కమిటీ పెద్దలకు మూడు మనవులు చేస్తున్నాము. ఇందులో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

మొదటిది, కళాశాల స్కోరు పుస్తకంలో ప్రతి ఆటగాని పరుగులను రెండు వరుసలలో వ్రాయించాలి. ముందుగా ఆడినప్పటివి ఒక వరుస, వెంటాడినప్పటివి ఒక వరుస. ఛేదనలో అతడు అవుటైనప్పుడు ఇంకా ఎన్ని పరుగులు కావాలో, ఎన్ని బంతులు, ఎన్ని వికెట్లు మిగిలి ఉన్నాయో పక్కన గుర్తించాలి. ఏడాది చివర జట్టును ఎన్నుకొనేటప్పుడు ఒక్క మొత్తాన్ని మాత్రమే చూడక, ఈ రెండు వరుసలనూ చూడాలి. ఒకడు అందాజాలో మేటి కావచ్చు, మరొకడు హిసాబులో మేటి కావచ్చు. ఇద్దరినీ జోడీగా దింపగలిగితే జట్టుకు అంతకంటె మేలు లేదు.

రెండవది, సాధన కూడ రెండు విధాలుగా జరగాలి. ఒకనాడు 36 బంతులలో 40 పరుగులు అని చెప్పి, ఫీల్డర్లను నిలబెట్టి ఆడించాలి. మరొకనాడు అంకె చెప్పరాదు. వ్యాయామ ఉపాధ్యాయులు పిచ్‌ను చూచి, ఇక్కడ ఎంత చాలునో ఒక చీటీ మీద వ్రాసి మడిచి జేబులో పెట్టుకోవాలి. ఆట ముగిసిన తరువాత చీటీ విప్పి చూపాలి. ఆ అంకెకు మిక్కిలి తక్కువ చేసినవాడు పిరికితనాన్ని, మిక్కిలి ఎక్కువకు పోయి వికెట్ పారేసుకొన్నవాడు తొందరను తెలుసుకొంటాడు.

మూడవది, ఆరవ స్థానంనుండి పదవ స్థానందాక ఆడేవారికి కూడ బ్యాటింగ్ సాధనకు సమయం కేటాయించాలి. చివరి పాతిక పరుగులు చేయడం వారి విధి. ఓపెనర్ ఇన్నింగ్సును ప్రారంభించేవాడు. ముగించే భారాన్ని కూడ అతని మీదనే పెట్టి, మిగిలినవారు పెవిలియన్‌లో కూర్చుని తీర్పులు చెప్పరాదు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. మన జీవితాలలో కూడ ఈ రెండు తీరుల పరీక్షలు ఉన్నాయి. పబ్లిక్ పరీక్షలో ఎన్ని మార్కులకు ఉత్తీర్ణులమో ముందే తెలుసు. అది హిసాబు. ఉద్యోగాల పోటీ పరీక్షలో ఎన్ని మార్కులు చాలునో ఫలితాలు వచ్చేదాక తెలియదు. అది అందాజా. ఒకదానిలో నెగ్గినవానిని చూచి రెండవదానిలో తప్పినవానిని చిన్నచూపు చూడడం తగదు.

ఆ 62 పరుగుల మిత్రుడు ఇప్పుడు తన పొలంలో పసుపు పండిస్తున్నాడు. ఈ సంచిక ప్రతిని మేమే స్వయంగా తీసుకొనిపోయి అతని చేతికి ఇవ్వదలచినాము. అతడు క్షమించి, ఒక ఆదివారం వచ్చి మా తమ్ములకు కొత్త బంతిని ఎదుర్కొనడం నేర్పితే, మా మీద ఉన్న అప్పు కొంతైనా తీరినట్లు భావిస్తాము.